జనంలో తప్పిపోతే ఏం చెయ్యాలో పిల్లల్ని బెదరగొట్టకుండా ఎలా నేర్పాలి?

మీ బాబుకి నాలుగున్నరేళ్ళు, పాపకి ఏడు. వచ్చే నెల మొక్కు తీర్చుకోవడానికి ఇంటిల్లిపాదీ రైల్లో తిరుమల వెళ్తున్నారు. జనంలో చెయ్యి జారితే ఏం చెయ్యాలో పిల్లలకి ఇప్పటినుంచే ఎలా నేర్పాలని అడిగారు. "పసివాడికి అలాంటి మాటలు చెప్పి బెదరగొట్టకు" అని మీ అత్తగారు అంటున్నారనీ రాశారు. ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉంది. మన ఇళ్ళలో ఈ పాఠం చాలాసార్లు బెదిరింపుతో మొదలై బెదిరింపుతోనే అయిపోతుంది. బెదిరించకుండా నేర్పే దారి ఉంది. అదేమంత కష్టం కూడా కాదు.

నేను రైల్వే స్టేషన్లో పిల్లల హెల్ప్ డెస్క్ దగ్గరా, జాతరల్లో, పుష్కరాల్లో తప్పిపోయిన పిల్లల్ని కూర్చోబెట్టే టెంట్లలోనూ పనిచేసినదాన్ని. అక్కడ కూర్చుంటే ఒక సంగతి తెలిసొస్తుంది. ఏడుస్తున్న పసివాణ్ణి ఎవరో ఒకరు చూస్తారు, తెచ్చి అప్పజెప్తారు. ఆ తరవాత వాడు ఎవరి పిల్లాడో తేల్చడం దగ్గరే పొద్దు గడిచిపోతుంది. పిల్లాడు ఈ టెంటులో ఉంటాడు, తల్లి పక్క ఘాటులో గుండెలు బాదుకుంటూ ఉంటుంది, ఇద్దర్నీ కలపడానికి మా చేతికి ఒక్క ఆధారమూ దొరకదు. అందుకే నేను ఎవరికి చెప్పినా ముందు నేర్పమనేది, పిల్లలు తామెవరో చెప్పుకోవడం. మిగతా జాగ్రత్తలన్నీ దాని తరవాతే.

"నీ పేరేంటమ్మా?" అంటే "బుజ్జి" అంటారు. "అమ్మ పేరు?" "అమ్మ." ఒక పాపని "నాన్న పేరేంటి?" అని అడిగితే ఠక్కున "ఏమండీ" అంది. నవ్వొచ్చింది గానీ, ఆ పిల్ల చెప్పింది అబద్ధం కాదు. ఇంట్లో వాళ్ళ నాన్నని అలాగే పిలవడం విన్నది. మనం మొగుణ్ణి పేరు పెట్టి పిలవం, ఆయన పెళ్ళాన్ని "ఏమే" అంటాడు, నానమ్మ "చిన్నోడా" అంటుంది. అసలు పేర్లు ఆధార్ కార్డుల్లోనే ఉండిపోతాయి. ఊరు అడిగితే "అమ్మమ్మ వాళ్ళూరు" అంటారు. కాస్త పెద్దపిల్లలైతే "కొత్తపల్లి" అంటారు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఎన్ని కొత్తపల్లులున్నాయో! "బుజ్జి అనే పాప మా దగ్గర ఉంది" అని మైకులో చెప్తే సగం జాతర తన పాపేనేమోనని పరిగెత్తుకొస్తుంది.

కాబట్టి బాబుకి నాలుగు సంగతులు నోటికి రావాలి: బడిలో రాయించిన పేరు, అమ్మ పేరు, నాన్న పేరు, ఊరు పేరు. ఊరితోపాటు దగ్గరి పట్నం కూడా చెప్పించండి. "తెనాలి పక్కన కొత్తపల్లి" అంటే ఎక్కడ వెతకాలో మాకు తెలుస్తుంది. కూర్చోబెట్టి అప్పజెప్పించుకుంటే రెండో రోజుకే విసుగు పుడుతుంది. తలుపు ఆట ఆడించండి. వాడు బయట నిలబడి తలుపు కొట్టాలి, మీరు లోపలినుంచి "ఎవరండీ?" అనాలి, పేరంతా చెప్తేనే తలుపు తియ్యాలి. తరవాత "ఎవరబ్బాయండీ?", "ఏ ఊరండీ?" అని ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోవాలి. నాలుగైదు రోజులయ్యాక ఇదే పక్కింటావిడతో అడిగించండి. మీరడిగితే చెప్పే పిల్లాడు కొత్త మనిషి అడిగేసరికి నోరు మెదపడు. మాకు అడ్డొచ్చేది సరిగ్గా అదే.

ఇక పిలవడం గురించి. తప్పిపోయిన పిల్లలు "అమ్మా" అని ఏడుస్తారు. క్యూ లైన్లో ఆ మాటకి ఎవరూ తలతిప్పరు, తిప్పినా అందరూ తిప్పుతారు. అదే పిల్లాడు "సుజాతా!" అని గొంతు చించుకుంటే సుజాత ఒక్కతే ఉలిక్కిపడుతుంది. కన్నతల్లిని పేరు పెట్టి అరవడమేంటని మీ అత్తగారు మళ్ళీ అభ్యంతరపెట్టొచ్చు. ఇంట్లో వద్దు, తప్పిపోయినప్పుడు మాత్రమే అని వాడికి విడమరిచి చెప్పండి. పిల్లలకి ఇలాంటి మినహాయింపులంటే మహా సరదా. మేడమీదకో, పొలం గట్టుకో తీసుకెళ్ళి రెండుసార్లు గట్టిగా అరిపించండి. రోజూ "అరవకు, నెమ్మదిగా మాట్లాడు" అని పెంచిన పిల్లలకి, అవసరమొచ్చినప్పుడు గొంతు పెగలదు.

తప్పిపోయానని తెలిసిన క్షణంలో పిల్లలు చేసే పని ఒకటుంది. వెనక్కి తిరిగి చూడరు, అమ్మ ముందుకెళ్ళిపోయిందనుకుని ముందుకే నడుస్తారు. మీరేమో వెనకచోట వెతుకుతుంటారు. దీనికి విరుగుడు "ఆగు". అమ్మ కనబడకపోతే అక్కడే ఆగాలి, పేరు పెట్టి పిలవాలి, అమ్మే వెనక్కి వెతుక్కుంటూ వస్తుంది. ఈ చివరి ముక్క ముఖ్యం. వస్తుందన్న నమ్మకం ఉంటేనే పిల్లాడు ఆగుతాడు. "చెయ్యి వదిలావంటే నిన్ను ఇక్కడే వదిలేసి పోతా" అని ఎప్పుడైనా విసుగులో అని ఉంటే ఆ మాట ఇప్పుడు పనిగట్టుకుని చెరిపెయ్యండి. వదిలేసి పోయిందనుకున్న పిల్లాడు ఆగడు, మీ వెనకాలే వస్తున్నాననుకుని పరిగెడతాడు. ఎక్కడపడితే అక్కడ ఆగమనీ కాదు. రోడ్డు మధ్యనుంచి, ప్లాట్‌ఫాం అంచునుంచి, నీళ్ళ మెట్లమీదనుంచి పక్కకి జరిగి గోడనో స్తంభాన్నో పట్టుకుని నిలబడాలి. జనం తోసుకొస్తుంటే వాళ్ళకి ఎదురు నిలబడకుండా పక్కనున్న రెయిలింగువైపు తప్పుకోవాలి.

పిలిచినా అమ్మ రాలేదు. అప్పుడు ఎవర్ని అడగాలి? మనం "కొత్తవాళ్ళతో మాట్లాడొద్దు" అని నేర్పి ఊరుకుంటాం. తప్పిపోయిన పిల్లాడి చుట్టూ ఉన్నవాళ్ళంతా కొత్తవాళ్ళే కదా, మరి వాడు ఎవరితో మాట్లాడాలి? నేను చెప్పే సూత్రం ఇది: నువ్వు ఎంచుకున్న మనిషితో మాట్లాడొచ్చు, నిన్ను వెతుక్కుంటూ వచ్చిన మనిషి వెంట వెళ్ళకూడదు. ఎంచుకోవడం కూడా నేర్పాలి. చంకలోనో పక్కనో పిల్లలున్న అమ్మని చూసుకోమనండి. నాలుగేళ్ళవాడు యూనిఫాంలో పోలీసెవరో, సెక్యూరిటీ గార్డెవరో పోల్చుకోలేడు గానీ పిల్లల తల్లిని మాత్రం ఇట్టే గుర్తుపడతాడు. పైగా ఆవిడ పిల్లాణ్ణి అప్పజెప్పేదాకా కదలదు. పాపకైతే కౌంటర్లో కూర్చున్నవాళ్ళు, టీటీఈ, పోలీసు అని ఇంకాస్త చెప్పొచ్చు. ఎవర్ని అడిగినా ఉన్నచోటనే ఉండాలి. "మీ అమ్మ అక్కడుంది, బండెక్కు" అన్నా, "గేటు అవతలికి రా" అన్నా, "ఐస్‌క్రీం కొనిపెడతా" అన్నా కదలకూడదు. కదలాల్సింది పోలీసుతోనో, ఆ పిల్లల తల్లితోనో, అదీ మైకు ఉన్న చోటికే.

పిల్లాడే ముందు నోరు తెరవాలని ఇంతగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయని వాట్సాప్‌లో పుకార్లు లేచి, మన రెండు రాష్ట్రాల్లోనూ అమాయకుల్ని జనం చావబాదారు, ప్రాణాలూ పోయాయి. అప్పటినుంచి ఏడుస్తున్న పిల్లాడి చెయ్యి పట్టుకోవాలంటే మంచి మనిషి కూడా అటూ ఇటూ చూస్తాడు, మగవాళ్ళైతే మరీను. పిల్లాడే వచ్చి "అమ్మ కనబడట్లేదు, మా అమ్మ పేరు సుజాత" అంటే ఎవరికీ ఆ సంకోచం ఉండదు.

పోలీసుల విషయం మీ ఇంట్లో అందరితోనూ మాట్లాడండి, అత్తగారితో సహా. "అన్నం తినకపోతే పోలీసుకి పట్టిస్తా" అన్న మాట ఆ ఇంట్లో ఇక వినబడకూడదు. ఖాకీ చొక్కా కనబడగానే బెంచీ కిందకి దూరిపోయిన పిల్లల్ని ప్లాట్‌ఫాం మీద చూశాను. కానిస్టేబులు బిస్కెట్ ప్యాకెట్ చూపించి బతిమాలుతుంటాడు, లోపలున్నవాడు ఊపిరి బిగబట్టి ఇంకా వెనక్కి జరుగుతుంటాడు. ఆ పిల్లాణ్ణి వెతకడానికొచ్చిన మనిషే ఆ కానిస్టేబులు. ఈ నెల రోజుల్లో ఎప్పుడైనా ట్రాఫిక్ పోలీసు దగ్గర ఆగి బాబుచేత నమస్కారం పెట్టించండి. పదిసార్లు చెప్పినదానికంటే ఆ ఒక్క నమస్కారం ఎక్కువ పనిచేస్తుంది.

ఫోన్ నంబరు నాలుగున్నరేళ్ళకి వస్తే సంతోషం, రాకపోయినా పట్టుబట్టకండి. పాపకి మాత్రం రావాలి. ఒకటే నంబరు నేర్పండి. రెండు నేర్పితే సగం దీన్నీ సగం దాన్నీ కలిపి చెప్తారు. "డబల్ నైన్", "ట్రిపుల్ సెవెన్" అనకుండా అంకె అంకె విడిగా, రోజూ ఒకే విరుపుతో, ఒకే దరువుతో పాడించండి. అంకెలు తెలుగులో నేర్పితే తెలుగులోనే, ఇంగ్లీషులో నేర్పితే ఇంగ్లీషులోనే. పాపకి అత్యవసర నంబరు 112 కూడా చెప్పండి. ఎవరి ఫోన్ లాక్‌లో ఉన్నా ఎమర్జెన్సీ కాల్‌లోంచి ఆ నంబరు కలుస్తుంది. 1098 పిల్లల కోసమే పెట్టిన హెల్ప్‌లైన్, డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఉంటుంది. అది పెద్దవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన నంబరు.

ఇప్పుడు మీ తిరుమల ప్రయాణానికి ప్రత్యేకంగా కొన్ని చెప్తాను. మామూలు జాగ్రత్తలు చదివి వెళ్ళినవాళ్ళు కూడా కొండమీద ఇక్కడే ఇరుక్కుంటారు.

మొదటిది గుండు. ఉదయం తీసిన ఫోటోలో ఉంగరాల జుట్టుతో పసుపు చొక్కా వేసుకున్న పిల్లాడు ఉంటాడు. కళ్యాణకట్టలో గుండు చేయించి, స్నానం పోసి, గంధం పూసి, బట్టలు మార్చాక ఆ ఫోటో ఎందుకూ పనికిరాదు. గంధం పూసిన చిన్న గుండ్లు ఆ చుట్టుపక్కల ఎన్ని తిరుగుతుంటాయో చూస్తే మీకే తెలుస్తుంది. గుండు అయ్యాక, కొత్త బట్టలు వేశాక, కాళ్ళ దాకా కనబడేలా ఇంకో ఫోటో తియ్యండి. ఎవరూ అనుకోని సంగతి ఇంకోటుంది. నాన్న కూడా గుండు చేయించుకుంటే పసివాడు ఆయన్ని గుర్తుపట్టకపోవచ్చు. ఎదురుగా వచ్చి చేతులు చాపినా "మా నాన్న కాదు" అని ఏడుస్తాడు, చుట్టూ ఉన్నవాళ్ళు ఆయన్ని అనుమానంగా చూస్తారు. గుండు చేయించుకునేటప్పుడు బాబు పక్కనే ఉండి చూడాలి. అయ్యాక ఆ తలని ఒకసారి వాడిచేత తడిమించండి.

రెండోది ఫోన్. దర్శనానికి వెళ్ళేటప్పుడు సెల్‌ఫోన్లు డిపాజిట్ చెయ్యాలి. అంటే పిల్లాడి చేతిమీద రాసిన మీ నంబరు క్యూలో ఉన్నంతసేపూ లాకర్లో మోగుతుంది, లేదా స్విచాఫ్. చేతిమీద మీ నంబరుతోపాటు ఇంటిదగ్గర ఉండిపోయినవాళ్ళది, తెలియని కాల్ వచ్చినా ఎత్తేవాళ్ళది ఇంకో నంబరు రాయండి. ఎవరిది ఏదో పక్కన ఒక్క మాట, "మావయ్య, ఊళ్ళో" అన్నట్టు. బాల్ పెన్ను చెమటకీ స్నానానికీ పోతుంది, పర్మనెంట్ మార్కరు వాడండి. అది కాక జేబులో ఒక చీటీ, ప్లాస్టిక్ కవర్లో పెట్టి పిన్నుతో గుచ్చి: పేరు, నంబర్లు, కొండమీద మీరు దిగిన గెస్ట్‌హౌస్, గది నంబరు. పేరు మాత్రం చొక్కామీదో బ్యాగుమీదో బయటికి కనబడేలా రాయకండి. పేరు పెట్టి పిలిచినవాళ్ళు తెలిసినవాళ్ళే అనుకుంటారు పిల్లలు. పోలీసులు పిల్లల చేతికి ట్యాగులు కడుతుంటే తప్పకుండా కట్టించండి.

బట్టల రంగు చూసుకోండి. ప్రకాశవంతమైన రంగు వెయ్యమని అందరూ చెప్తారు. అది వెళ్ళే చోటునిబట్టి ఉంటుంది. భవానీ దీక్షల రోజుల్లో విజయవాడ ఇంద్రకీలాద్రికి ఎర్రచొక్కా వేసి తీసుకెళ్తే పిల్లాడు కళ్ళముందే మాయమవుతాడు. అక్కడ అందరూ ఎరుపే.

రైలు గురించి క్లుప్తంగా. పిల్లలు రైల్లో ఉండి మీరు ప్లాట్‌ఫాం మీద ఉండిపోతే వాళ్ళు దిగకూడదు, దూకకూడదు, సీట్లో కూర్చుని ఎదుటివాళ్ళకి చెప్పాలి. మీరు రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి రైలు నంబరు, బోగీ నంబరు, సీటు నంబరు చెప్పండి. తరవాతి స్టేషన్లో రైల్వే రక్షణ దళం (ఆర్పీఎఫ్) వాళ్ళు బోగీలోకి వస్తారు. పిల్లలు ప్లాట్‌ఫాం మీద ఉండిపోతే కదిలే రైలు వెనక పరిగెత్తకూడదు. ఈ ఒక్కటి మాత్రం కాస్త కఠినంగానే చెప్పండి, ఎన్నిసార్లైనా చెప్పండి. రైలెక్కగానే పాపచేత బోగీ నంబరు చదివించి గుర్తుపెట్టుకోమనండి, ఆ వయసు పిల్లలకి అలాంటి బాధ్యత ఇస్తే పొంగిపోతారు. పాప మీద ఇంకో బాధ్యత మాత్రం పెట్టకండి: "తమ్ముణ్ణి నువ్వే చూసుకో" అనొద్దు. వాడు తప్పిపోతే వాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళి అదీ తప్పిపోతుంది.

అమెరికానుంచి సెలవులకి వచ్చే మన పిల్లల సంగతి కూడా చెప్పాలి, మీ ఆడపడుచు పిల్లలు కూడా వస్తున్నారన్నారు కదా. వాళ్ళకి అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911 తెలుసు, ఇక్కడి 112 తెలియదు. డల్లాస్ ఇంటి అడ్రసు గుక్కతిప్పుకోకుండా చెప్తారు, తాతగారి ఊరి పేరు పలకలేరు. దిగిన రోజే ఇక్కడి నంబరు ఒకటి, తాతగారి పూర్తి పేరు ఒకటి నేర్పించండి.

అంత చేసినా పిల్లాడు కనబడకపోతే పెద్దవాళ్ళందరూ నాలుగు దిక్కులకీ పరిగెత్తకండి. ఒకరు ఆఖరిసారి చూసిన చోటే నిలబడాలి, ఎందుకంటే పిల్లాణ్ణి ఆగమని మీరే నేర్పారు. దగ్గర్లో కోనేరో, ఏరో, ఘాటో ఉంటే ముందు నీళ్ళవైపు వెళ్ళి చూడండి, మిగతాచోట్ల తరవాత. పేరుతోపాటు పోలిక కూడా అరవండి: "గుండు, నీలం చొక్కా, నాలుగేళ్ళ బాబు!" మీ బాబు పేరు చుట్టూ ఉన్నవాళ్ళకి తెలియదు, నీలం చొక్కా కళ్ళకి కనబడుతుంది. అప్పుడే ఎవరో ఒకరు మైకు దగ్గరికి, ఇంకొకరు 112కి. పిల్లల విషయంలో ఇరవైనాలుగు గంటలు చూసి రమ్మనే నియమం ఏదీ లేదు. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదు రాగానే కేసు నమోదు చెయ్యాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. మీకే ఎవరి పిల్లాడైనా దొరికితే జాలిపడి ఇంటికి తీసుకెళ్ళకండి, ఫోటో గ్రూపుల్లో తిప్పకండి. దొరికిన పిల్లల గురించి 24 గంటల్లోగా పోలీసులకో, 1098 హెల్ప్‌లైన్‌కో, బాలల సంక్షేమ సమితికో తెలియజెయ్యాలని 2015 బాల న్యాయ చట్టం చెప్తుంది. కొండమీదైతే కానిస్టేబులుకి అప్పజెప్పడం నిమిషాల పని.

పిల్లాడు దొరికాక మా టెంట్లో తరచూ చూసే దృశ్యం: తల్లి ఆయాసపడుతూ వస్తుంది, ముందు వీపుమీద రెండు వేస్తుంది, తరవాత వాటేసుకుని ఏడుస్తుంది. ఆ దెబ్బలు భయంలోంచి వచ్చినవని నాకు తెలుసు, పిల్లాడికి తెలియదు. వాడికి అర్థమయ్యేది దొరికితే తంతారని. తప్పిపోయి కూడా "అమ్మ తిడుతుంది" అని పేరు చెప్పకుండా బిగుసుకుపోయే పిల్లలు ఉంటారు, వాళ్ళనుంచి ఊరి పేరు రాబట్టడం మహాకష్టం. "బాగా పిలిచావు, మంచిపని చేశావు" అనండి. కోపం ఉంటే రైలెక్కాక మీ ఆయనమీద చూపించుకోండి.

జీపీఎస్ వాచీ కొనాలా అని కూడా అడిగారు. ఊళ్ళో బడికి వెళ్ళొచ్చే పిల్లలకి పనికొస్తుంది. జాతర జనంలో నెట్‌వర్క్ దొరకడమే గగనం, చార్జింగు సాయంత్రానికి అయిపోతుంది, అదొక్కటే నమ్ముకుని వెళ్ళడం నాకు ఇష్టం లేదు. మణికట్టుకి కట్టే తాడు బెల్టు మాత్రం నాలుగేళ్ళవాడికి మంచిదే. చూసినవాళ్ళు "పిల్లాణ్ణి కట్టేశారేంటి" అని నవ్వుతారు, నవ్వనివ్వండి. కొన్నాక ఊళ్ళో సంతలోనో కూరగాయల మార్కెట్లోనో రెండుసార్లు కట్టి తిప్పండి. అలవాటు లేని బెల్టుని పిల్లాడు అలిపిరి దాటకముందే విప్పేస్తాడు.